ఆకుకూరలపై నల్లి: కొల్లేటి సీమలో ఒక చీడ చరిత్ర

ఆకు అడుగున గుంపుగా చేరి రసం పీల్చే నల్లి కీటకం కాదు. సాలెపురుగుల వర్గానికి చెందిన ఈ ఎనిమిది కాళ్ల జీవి అర మిల్లీమీటరుకు మించి పెరగదు గాని, వేడి, పొడి వాతావరణంలో పది పన్నెండు రోజుల్లోనే ఒక తరం పూర్తిచేస్తుంది. జోరు వాన దాని గుంపులను కడిగివేస్తుంది కనుక, తమ్మిలేరు, బుడమేరు వచ్చి కలిసే కొల్లేటి చుట్టుపక్కల ఆరుబయటి తోటకూర, గోంగూర మడుల్లో వానాకాలంలో దాని ఉధృతి తగ్గుతుంది.

నల్లిని పెద్ద చీడగా మార్చిన కారణాల్లో మనిషి వాడిన మందే ముఖ్యమైనది. 1939లో పాల్ ముల్లర్ కీటకనాశక గుణాన్ని కనుగొన్న డీడీటీ, రెండవ ప్రపంచ యుద్ధానంతరం పొలాల్లోకి వచ్చి, నల్లిని తినే మిత్రజీవులను చంపి నల్లిని మాత్రం మిగిల్చింది. నల్లికి విరుగుడుగా 1950ల్లో వచ్చిన డైకోఫాల్ కూడా డీడీటీ నుంచే తయారైన రసాయనం కావడం ఈ చరిత్రలో అన్నిటికంటే ఆలోచించదగిన విషయం. లీటరు నీటికి డైకోఫాల్ 5 మి.లీ. లేదా నీటిలో కలిసే గంధకం 3 గ్రా. అన్న సిఫారసు తెలుగు రైతుకు దశాబ్దాలపాటు కంఠతా ఉండేది. 1998లో కేరళలో బయటపడి తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరినీ పట్టిన ఈరియోఫిడ్ నల్లి ఈ చీడ పేరును తోటతోటకూ తెలిపింది.

2005లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్ రాయితీలతో పాలీహౌస్‌లు, నీడనిచ్చే షేడ్‌నెట్‌లు విస్తరించాయి. పాలీహౌస్ కప్పు కింద వాన పడదు, వేడి నిలుస్తుంది, కాబట్టి నల్లికి అది అనువైన చోటు. పైగా ఆకుకూరలో మందు పడే ఆకే ఆహారం; నెల తిరగకముందే కోతకొచ్చే పంటలో, మందు చల్లాక కోతకు ముందు ఆగవలసిన 'నిరీక్షణ కాలానికి' చోటు చాలా తక్కువ.

ఐరోపా గాజు ఇళ్లలో దోస పండించినవారు ఈ చిక్కును ముందే ఎదుర్కొన్నారు. చిలీ నుంచి ఆర్కిడ్ మొక్కలతో జర్మనీకి చేరి 1958లో గుర్తింపు పొందిన ఫైటోసీయులస్ అనే పరభక్షక నల్లిని, అంటే తోటి నల్లినే తినే నల్లిని, వారు పెంచి తోటల్లో వదిలారు. అది తీవ్రమైన ఎండవేడికి ఓర్వలేదు కనుక, కోస్తా వేసవికి భారతదేశంలో సహజంగా ఉన్న నియోసీయులస్ లాంగిస్పైనోసస్ వంటి పరభక్షక నల్లులపైనే ఎక్కువ ఆశ పెట్టుకోవాలి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు, పరీక్షల్లో సీసం, నికెల్‌తో పాటు పురుగుమందుల అవశేషాల ప్రస్తావన కూడా వచ్చింది; నల్లి మందులకు దానితో సంబంధం రుజువు కాకపోయినా, కూరలో ఏమి మిగిలి ఉందన్న ప్రశ్న ఆ ఊరి వంటింటికి చేరింది. డైకోఫాల్‌ను 2019లో స్టాక్‌హోం ఒప్పందం నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చగా, భారత ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఆకుల అడుగుభాగం తడిసేలా నీటిజల్లు, వేపగింజల కషాయం, నల్లి పట్టిన ఆకులను తొలిదశలోనే ఏరివేయడం, మిత్రజీవులను కాపాడుకోవడం, ఇవే ఇప్పుడు ఆకుకూరల రైతు ముందుగా ఆశ్రయించవలసిన మార్గాలు.