మెడలో చీటీ

తార్నాకలో మేముండేది రెండో అంతస్తులో. కాళు పదేళ్లపాటు ఆ మెట్లు మాకంటే ముందు ఎక్కి, పైన తలుపు దగ్గర నిలబడి, ఇంకా రాలేదేమని తోక ఊపేది. 2024 సంక్రాంతి దాటాక ఒకరోజు కింది మెట్టు దగ్గరే కూర్చుండిపోయింది. పైకి చూసింది, మమ్మల్ని చూసింది, లేవలేదు. ఆ రోజు నుంచి ఎత్తుకుని తీసుకెళ్లడం మొదలైంది. శివరాత్రి నాటికి వెనక కాళ్లు ఈడ్వడం, ఉగాది నాటికి తిన్నది కక్కుకోవడం. రక్తపరీక్ష చూసిన పశువుల డాక్టరు కిడ్నీలు చాలావరకు పోయాయన్నాడు. సెలైన్ ఎక్కిస్తే కొన్నాళ్లు గడుస్తుంది కానీ నయం కావడమంటూ ఉండదన్నాడు. మేము లేచి వస్తుంటే, ‘ఎప్పుడనేది మీరే చెప్పాలి’ అన్నాడు.

మా తండాలో ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగలేదు. దేవరకొండ వైపు మా తండాలో ఇంటికో కుక్క ఉండేది. ముసలిదైతే వాకిట్లో పడుండేది, ఓ రోజు కనబడేది కాదు. చేను గట్టున పోయిందనో, అడవిలోకి పోయిందనో చెప్పుకునేవారు. పిచ్చిపట్టిన కుక్కనైతే కర్రలతో కొట్టి చంపేవారు. మిగతావాటి చావు వాటిదే. మన పెద్దలు కుక్కల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నారని రాస్తే వినడానికి బాగుంటుంది గానీ, సంత రోజున ముసలి కుక్కను బండి వెంట తీసుకుపోయి అక్కడే వదిలి వచ్చినవాళ్లు కూడా మనవాళ్లే. ఆ సంగతి దాచితే చరిత్ర రాసినట్టు కాదు.

మేము చరిత్ర చదువుకున్నవాళ్లం కాబట్టి, ‘ఎప్పుడు?’ అన్న ఈ ప్రశ్నకు మనకు ముందు ఎవరు ఏం జవాబు చెప్పారో వెతికాం.

కాళు ఉస్మానియా క్యాంపస్‌లో పుట్టింది. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ముందు మనలాంటి తండా పిల్లలు, గూడెం పిల్లలు నిలబడి ఫొటో దిగడానికి చాలా ఏళ్లు పట్టింది. 2009 చివర నుంచి తెలంగాణ ఉద్యమంతో క్యాంపస్ అట్టుడికిపోయింది. ఆ మరుసటి ఏడు హాస్టల్ మెస్ వెనక ఒక కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. బాష్పవాయువు గోళాలు పడిన ఒక సాయంత్రం తల్లి ఎటు పారిపోయిందో తెలియదు. మిగిలిన ఒక్క పిల్లను తడిగుడ్డలో చుట్టి గదికి తెచ్చుకున్నాం. నల్లగా ఉంది గనక కాళు. మెస్ అన్నం, సాంబారు, ఆదివారం కోడి ఎముకలు తిని పెరిగింది. ఫెలోషిప్ అయిపోయి తార్నాకలో గది తీసుకున్నప్పుడు ఆటో వెంట పరుగెత్తుకుంటూ వచ్చింది.

1940ల్లో అదే విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చెప్పిన హైమెన్‌డార్ఫ్ పుస్తకాలు మన పిల్లలకు తెలిసినవే. ఆయన నల్లమల చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. విల్లమ్ములతో అడవిలోకి పోయే చెంచుకు కుక్క తోడుండడం కొత్త సంగతేమీ కాదు. వేటకు పోయే కుక్క గురించి మన మీద రాసిన పుస్తకాల్లో ఎంతోకొంత దొరుకుతుంది. వేటకు పోలేని కుక్క గురించి మేము వెతికినంతలో దొరకలేదు.

రాజుల చరిత్రలోనూ అంతే. కర్ణాటకలోని ఆతకూరు శాసనం సుమారు 950 నాటిది. గంగరాజు బూతుగుని సేనాని మణలేరుడికి రాష్ట్రకూట చక్రవర్తి మూడో కృష్ణుడు కాళి అనే వేటకుక్కను బహుమతిగా ఇచ్చాడు. ఆ కుక్క అడవిపందితో పోరాడి చనిపోతే రాయి నాటించి, దానికి మాన్యం కూడా ఏర్పాటు చేశారు. పేరు చూసి మాకు ఆశ్చర్యమైంది, మా కాళుకు వెయ్యేళ్ల కిందటి అక్క దొరికినట్టు. కానీ ఆ కాళి పోరులో పోయింది. దాని యజమాని ఏదీ తేల్చుకోవలసిన పని పడలేదు. ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు సరే, ఆ కుక్క తన కాళ్ల మీద తాను నడిచి హిమాలయం ఎక్కింది.

జబ్బుపడిన కుక్కను కాచుకున్న పాత ఆనవాలు మాకు జర్మనీలో దొరికింది. బాన్ నగరం పక్కన ఒబెర్‌కాసెల్ అనే చోట 1914లో ఇద్దరు మనుషుల ఎముకలతో పాటు కుక్క ఎముకలు బయటపడ్డాయి. వయసు సుమారు 14,000 ఏళ్లు. 2018లో ఆ కుక్క పళ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అది ఏడు నెలలైనా నిండని పిల్ల అనీ, డిస్టెంపర్ జబ్బుతో వారాల తరబడి బాధపడిందనీ తేల్చారు. మనుషులు నీళ్లు తాగించి, శుభ్రం చేసి, వెచ్చగా ఉంచకపోతే అన్నాళ్లు బతికేది కాదట. దానితో ఎవరికీ ఏ పనీ జరగలేదు. రాత్రుళ్లు కాళు పక్క బట్టలు మారుస్తున్నప్పుడు ఆ సంగతి మాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక మన ఇంటి కథ. లంబాడీలు ఎద్దుల్ని తోలుకుంటూ ఉప్పు, ధాన్యం మోసిన కాలంలో రాత్రి విడిదికి కాపలా కుక్కదే. రైళ్లు వచ్చి ఆ బేరం పోయి, తండాలు ఒకచోట స్థిరపడ్డాక కూడా ఆ కుక్క కథ మిగిలింది. యాడి మాకు చెప్పిన తీరు ఇది. కరువు ఏడు ఒక బంజారా అప్పు కోసం షావుకారు దగ్గరికి పోయాడు. తాకట్టు పెట్టడానికి కుక్క తప్ప ఏమీ లేదు. బాకీ తీరేదాకా ఇక్కడే ఉండమని కుక్కకు చెప్పి వెళ్లాడు. కొన్నాళ్లకు షావుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. సొమ్ము చెరువులో దాస్తుంటే కుక్క చూసింది. తెల్లారి షావుకారు పంచె పట్టుకుని లాక్కుపోయి చూపించింది. ఆయన సంతోషించి, నీ బాకీ తీరిందని చీటీ రాసి, మెడలో కట్టి, ఇంటికి పొమ్మన్నాడు. అది ఎగురుకుంటూ వస్తుంటే బంజారా దూరం నుంచే చూశాడు. మాట తప్పి పారిపోయి వచ్చిందనుకున్నాడు. కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. ఆ తర్వాత మెడలో చీటీ చూశాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లా ఖప్రి గ్రామంలో కుకుర్‌దేవ్ మందిరం ఈ కథ మీదే నిలబడి ఉంది. కుక్కకు గుడి. ఇలాంటి కథే వేల్స్‌లో గెలర్ట్ అనే వేటకుక్క గురించి చెబుతారు, సమాధి కూడా చూపిస్తారు. మనకు తెలిసిన బ్రాహ్మణి, ముంగిస కథ కూడా ఈ వరసలోదే. అన్నింట్లోనూ తప్పు తొందరపాటుది. చిన్నప్పుడు మాకూ అంతే అర్థమైంది. కాళు జబ్బుపడ్డాక కథలో చీటీ మీదికి మనసు పోయింది. కుక్క తను చెప్పవలసింది మెడకు కట్టుకునే వచ్చింది. చదవవలసినవాడే చదవలేదు.

కుక్క ప్రాణం గురించి ఇంటివాళ్లు కాక సర్కారు తేల్చడం మన దేశంలో కొత్త పద్ధతి. 1832 జూన్‌లో బొంబాయిలో వీధి కుక్కల్ని చంపమని కంపెనీ సర్కారు హుకుం ఇస్తే పార్సీలు ముందుపడి దుకాణాలు మూయించారు, నగరమంతా గొడవ అయింది. 1884లో లండన్‌లోని బాటర్‌సీ కుక్కల శాలలో రిచర్డ్‌సన్ అనే డాక్టరు విషవాయువుతో నొప్పి లేకుండా చంపే గదిని కట్టాడు. ఆ గది పేరు మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో కూడా చేరింది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టడం వల్ల వచ్చిన చట్టం అది. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరం. సంతలో వదిలి వచ్చిన మనవాళ్ల పని ఇప్పుడైతే కేసవుతుంది. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి కూడా ఒకటి ఉందని అదే చట్టం 13వ సెక్షన్ ఒప్పుకుంది. 2001లో వీధి కుక్కల కోసం చేసిన నిబంధనల్లో మరో మాట చేర్చారు. నయం కాని జబ్బుతో ఉన్నదని డాక్టరు నిర్ధారించిన కుక్కకు మత్తుమందుతోనే ప్రాణం తీయాలి, అదీ మరో కుక్క కళ్లముందు కాకూడదు. ఈ చివరి మాట రాసిన అధికారి ఎవరో గానీ, కుక్కను పెంచినవాడే అయి ఉంటాడు.

తార్నాకలో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దాని మొదలు కూడా 1918లోనే, ఉస్మానియా పుట్టిన ఏడే, కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో. 1958లో హైదరాబాద్ వచ్చింది. జొన్నే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా ఎందుకు వస్తుందో అక్కడ డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య పరిశోధించారు. మెడ మీద, చేతుల మీద ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొరలు లేచే జబ్బు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ కారణమని 1960లో వాళ్లు రాశారు. ఆ మాట నిలబెట్టడానికి కుక్కపిల్లలకు లూసిన్ కలిపిన తిండి పెట్టి చూశారు. వాటికి నల్ల నాలుక జబ్బు వచ్చింది. అది కుక్కల పెల్లాగ్రా. తర్వాతి కాలంలో ఆ సిద్ధాంతం మీద వాదాలు నడిచాయి, అది వేరే సంగతి. జొన్నరొట్టె తిని బతికిన తండాలకు, గూడేలకు ఈ కథలో భాగం ఉంది. మన జబ్బును తమ నాలుక మీద చూపించిన ఆ కుక్కపిల్లల మెడలో చీటీ చదివింది శాస్త్రజ్ఞులే. వాటికి ఇల్లు లేదు, వాటి చివరి రోజు గురించి రాత్రంతా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు లేరు. కాళుకు మేమున్నాం.

కాళు చీటీ ఎలా చదవాలో మాకు చెప్పింది ఆ పశువుల డాక్టరే. అమెరికాలో జంతువుల క్యాన్సర్‌కు వైద్యం చేసే ఆలిస్ విల్లాలోబోస్ 2004లో ఒక లెక్క పెట్టింది. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా అన్నది. ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా కాచుకోవచ్చు. మా పిల్లవాడి నోటుపుస్తకం వెనక వైపు నుంచి రాయడం మొదలుపెట్టాం. నొప్పి లేకపోతే పది, ఊపిరి ఆడకపోతే సున్నా. మొదటి వారం 44, 41, 43. ‘ఈ రోజు పెరుగన్నం తిన్నది’ అని పక్కన రాసుకున్నాం. తర్వాత 38, 36.

లెక్క 35 కిందికి దిగిన రోజు మేము చేసిన పని చెప్పాలి. సంతోషానికి మూడు వేయవలసిన చోట ఐదు వేశాం. మేము లోపలికి వస్తే తోక కొన కదిలింది కదా అనుకున్నాం. మరుసటి రోజూ అంతే చేశాం. అలా పది రోజులు. కథలో బంజారా చీటీ చూడకుండా కొట్టాడు, మేము చీటీ చదివి కూడా మడిచి జేబులో పెట్టుకున్నాం. ఆ పది రోజులూ కాళు కోసం కాదు. దాని మూత్రంలో అది పడుకుని ఉంటే, రాత్రి మూడింటికి బట్ట మారుస్తూ కూడా, ఇంకొక్క ఆదివారం ఉండనీ అనుకున్నాం.

యాడి తండా నుంచి వచ్చింది. మార్కుల పుస్తకం ఆమెకు చూపించలేదు, చూపించినా చదవలేదు. కాళు పక్కన చాప వేసుకుని ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుంది. జొన్న అంబలి వేలితో నోటికి రాసింది. కాళు నాలుక చాపలేదు. తెల్లారి లేచి, ‘బిడ్డా, ఇది ఎప్పుడో పోయింది. మీరే పట్టుకున్నారు’ అన్నది.

డాక్టరుకు ఫోన్ చేశాం. మే నెల, పొద్దున ఏడు గంటలు, ఎండ ఇంకా ఎక్కలేదు. కింద వాచ్‌మన్ పెంచుకునే ఆడకుక్కను గేటు బయటికి పంపించాం. 2001 నిబంధన వీధి కుక్కలదే అయినా మా మెట్ల కింద కూడా అది అమలైంది. ముందు మత్తు ఇంజెక్షన్. కాళు తల యాడి ఒళ్లో ఉంది. రెండో సూది వేసేముందు డాక్టరు మా వైపు చూశాడు. ఈసారి అందరం తల ఊపాం. నిమిషం కూడా పట్టలేదు.

నగరంలో పూడ్చడానికి చోటు దొరకదు. కారు మాట్లాడుకుని తండాకు తీసుకెళ్లాం. మన తండాల్లో పెళ్లయినవాళ్లను కాలుస్తారు, పెళ్లికానివాళ్లను పూడుస్తారు. కాళు ఇంటి పిల్ల అన్నది యాడి, చేను గట్టున వేపచెట్టు కింద గొయ్యి తీయించింది. మట్టి వేసే ముందు మెడలో ఉన్న నల్లతాడు విప్పి మా చేతికిచ్చింది.

నోటుపుస్తకంలో ఇంకా సగం కాగితాలు మిగిలాయి. పిల్లవాడు ముందు వైపు నుంచి లెక్కలు చేసుకుంటున్నాడు. వెనక పేజీలు చించమంటే ఒప్పుకోలేదు.