వెర్రివాడి ముక్క

న్యూయార్కులోని మోర్గన్ లైబ్రరీలో, 15వ శతాబ్దంలో మిలాన్ ప్రభువుల కోసం చేత్తో చిత్రించిన పేకముక్కలు కొన్ని ఉన్నాయి. బంగారు పూతతో మెరిసే ఆ రాజుల, రాణుల మధ్య ఒక వెర్రివాడున్నాడు. చినిగిన బట్టలు, జుట్టులో ఈకలు, భుజాన దుడ్డుకర్ర.

టారో అనగానే మనకి జోస్యం గుర్తొస్తుంది. ఇటలీలో పుట్టినప్పుడు మాత్రం అది ఉత్త పేకాట. అది ఈజిప్టు రహస్యవిద్య అని 1781లో ప్రచారం మొదలుపెట్టినవాడు కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి రచయిత. 1909లో లండన్‌లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన కట్ట వచ్చేసరికి మన వెర్రివాడు అందమైన కుర్రాడైపోయాడు. భుజాన చిన్న మూట, పక్కన కుక్క, చూపు ఆకాశం మీద, అడుగు కొండ అంచున. ముక్క మీద అంకె సున్నా. సున్నాతో లెక్క మొదలెట్టే వృత్తి నాది కాబట్టి నాకు మరీ నచ్చాడు. 2004లో రెండు సూట్‌కేసులతో విమానమెక్కిన నేనే అనుకున్నాను.

తర్వాత ఆట నియమాలు చదివాను. ఫ్రాన్సులో ఆ ఆట ఇప్పటికీ ఆడతారు. అక్కడ ఈ ముక్క పేరు ‘ఎక్స్‌క్యూజ్’. ముందువాడు వేసిన రంగే అందరూ వేయాలి, లేకపోతే తురుపు వేయాలి. ఈ ముక్క ఉన్నవాడు మాత్రం ‘నన్ను వదిలేయండి’ అన్నట్టు ఇది వేసి తప్పుకోవచ్చు. మామూలుగా దీంతో పట్టు గెలవలేడు. ముక్కని తనే ఉంచుకుంటాడు గానీ, బదులుగా తను గెలిచినవాటిలోంచి ఒక చిన్న ముక్క, పట్టు గెలిచినవాడికివ్వాలి. ఇంకా ఏమీ గెలవకపోతే అది బాకీ. చివరి పట్టుదాకా దాచుకుంటే వెర్రివాడు అవతలివాళ్ళ పాలవుతాడు.

జోస్యం చెప్పేవాళ్ళు ఆ కుర్రాడి స్వేచ్ఛ గురించే చెప్తారు. పేకాటవాళ్ళు బాకీ మర్చిపోలేదు.

నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నేనిక్కడ ఒక ప్రాజెక్టు చివరి వారంలో ఉన్నాను. “నువ్వుండన్నయ్యా, నేను చూసుకుంటాలే” అన్నాడు తమ్ముడు. బెంగుళూరులో వచ్చిన ఉద్యోగం వదులుకుని ఊళ్ళోనే ఉండిపోయాడు. నేను నెలనెలా డబ్బు పంపాను, లెక్క సరిపోయిందనుకున్నాను. నా ముక్కకి బదులు ముక్క వాడి చేతిలోంచి పోయిందని, ఎక్కడో ఫ్రెంచి పేకాట నియమాలు చదివితే గానీ నాకు తట్టలేదు.

మొన్న ఫోన్ చేశాను. “జనవరి నుంచి మూడు నెలలు అక్కడినుంచే పనిచేస్తాను. నువ్వూ మరదలూ పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళి రండి,” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత నవ్వి, “నాన్న మందులు ఎప్పుడేం వేయాలో నీకు తెలీదు కదన్నయ్యా,” అన్నాడు.

“రాసి పంపించరా, నేర్చుకుంటాను,” అన్నాను.