కంటి బీమా: గడువు తీరేలోగా ఏం వాడుకోవాలి, ఎక్కడ తొందరపడకూడదు?

నాగాయలంకలో ఉన్న అమ్మానాన్నలకు చూపు మందగిస్తే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న మీరే ఆసుపత్రి, బీమా పనులు చూసుకోవాల్సి వస్తుంది. కంపెనీ పాలసీలో వాళ్ల పేర్లు ఉండొచ్చు. కానీ అందులో కంటికి సంబంధించిన ప్రయోజనాలన్నీ ఒకే రోజున ముగియవు. కళ్లద్దాల డబ్బు ఏడాది తిరిగితే పోతుంది. ఆపరేషన్ కవరేజీ మాత్రం రెన్యువల్ చేస్తూ ఉంటేనే నిలుస్తుంది. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది మీరే.

ముందు ఏ తేదీ చూసుకోవాలి?

పాలసీ ఏడాది అంటే క్యాలెండర్ ఏడాది కాదు, ఆర్థిక సంవత్సరమూ కాదు. పాలసీ మొదలైన రోజు నుంచి 12 నెలలు. ఈ-కార్డులోనో పాలసీ పత్రంలోనో ఆ తేదీ ఉంటుంది. గ్రూప్ పాలసీ అయితే మీరు చేరిన తేదీ కాదు, కంపెనీ పాలసీ ముగిసే తేదీ ముఖ్యం. అది హెచ్‌ఆర్‌ను అడిగి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

కళ్లద్దాలకు డబ్బు వస్తుందా?

మామూలు ఆరోగ్య బీమాలో రాదు. ఓపీడీ కవరేజీ ఉన్న పాలసీల్లో, కొన్ని కంపెనీల గ్రూప్ పాలసీల్లో మాత్రం కంటి పరీక్షకు, అద్దాలకు ఏడాదికి ఇంత అని ఇస్తారు. వాడకపోతే ఆ మొత్తం సాధారణంగా వచ్చే ఏడాదికి కలవదు. క్లెయిమ్‌కు డాక్టర్ రాసిన పవర్ చీటీ, పేషెంట్ పేరుతో జీఎస్‌టీ బిల్లు, చెల్లింపు రసీదు దాచుకోండి. బిల్లు తేదీ పాలసీ ఏడాదిలోపే ఉండాలి.

గడువు దగ్గరపడిందని వెంటనే అద్దాలు కొనేయకండి. షుగరు అదుపులో లేనప్పుడు చూస్తే పవర్ మారిపోతూ ఉంటుంది. శుక్లాల ఆపరేషన్ అనుకుంటున్నా ఆగడమే మంచిది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు పవర్ కుదురుకుంటుంది, కొత్త అద్దాలు అప్పుడే రాస్తారు.

శుక్లాల ఆపరేషన్ సంగతేంటి?

ఇది డే కేర్ చికిత్స. 24 గంటలు ఆసుపత్రిలో ఉండకపోయినా క్లెయిమ్ చేసుకోవచ్చు. అయితే వ్యక్తిగత పాలసీల్లో దీనికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. చాలా బీమా కంపెనీలు అమ్మే 'ఆరోగ్య సంజీవని' పాలసీనే తీసుకుంటే శుక్లాలకు 24 నెలలు ఆగాలి. ఆ తర్వాత ఒక్కో కంటికి, ఒక పాలసీ ఏడాదిలో బీమా మొత్తంలో 25 శాతం లేదా రూ.40,000, ఏది తక్కువైతే అంతవరకే ఇస్తారు. దీనికి తోడు క్లెయిమ్‌లో 5 శాతం మీరు భరించాలి. ఖరీదైన లెన్స్ ఎంచుకుంటే మిగతాది చేతి నుంచి పడుతుంది. కాబట్టి ఆసుపత్రి అంచనాను, పాలసీలోని పరిమితిని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అద్దాలు తీసేయడానికి చేసే లేజర్ చికిత్సకు, పవర్ 7.5 కంటే తక్కువ ఉంటే బీమా వర్తించదు.

రెన్యువల్ ఆలస్యమైతే?

ఏడాది ప్రీమియం కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపు కడితే పూర్తయిన వెయిటింగ్ పీరియడ్ పోదు. కానీ ప్రీమియం కట్టని ఆ రోజుల్లో చేయించుకున్న చికిత్సకు డబ్బు రాదు. గ్రేస్ కూడా దాటితే కొత్త పాలసీ తీసుకుని మళ్లీ మొదటి నుంచి ఆగాలి. ఉద్యోగం మారుతున్నా, రిటైర్ అవుతున్నా గ్రూప్ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం గురించి గడువుకు ముందే అడగండి.

అమ్మానాన్నలకు 70 దాటితే?

ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డుకు అర్హులు. 2024 అక్టోబరు 29న మొదలైన ఈ పథకంలో ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స ఉంటుంది. నమోదుకు ఆధార్ కావాలి. ప్రైవేటు బీమా ఉన్నా తీసుకోవచ్చు. వివరాలకు 14555కు ఫోన్ చేయండి.

వయసుతో పనిలేకుండా, 1976 నుంచి నడుస్తున్న జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. దివిసీమ వాళ్లు అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా విజయవాడ బస్సు ఎక్కేముందు బందరు ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో వాకబు చేయడం మంచిది. కార్డుతో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాలనుకుంటే, అది నెట్‌వర్క్‌లో ఉందా, ఆ ఆపరేషన్ అక్కడ కార్డు కింద చేస్తారా అని ముందే ఫోన్‌లో అడగండి. రానూపోనూ ప్రయాణం, తోడుగా వచ్చేవాళ్ల కూలి రోజు మిగులుతాయి.

దేనికి ఆగకూడదు?

శుక్లాలకు సాధారణంగా కొన్ని వారాలు ఆగొచ్చు. నీటికాసులకు ఆగకూడదు, ఆ జబ్బుతో పోయిన చూపు తిరిగి రాదు. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఉన్నట్టుండి చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా పాలసీ తేదీ చూడకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే?

కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. తర్వాత ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

ఈ వారం చేయాల్సినవి మూడు: పాలసీ ముగిసే తేదీ చూడండి, కంటి పరిమితి ఎంతో చదవండి, అమ్మానాన్నలు చివరిసారి కంటి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఫోన్ చేసి కనుక్కోండి.