వెనక యాక్సిల్ హిసాబ్: దమ్‌కీ రఫ్తార్‌కీ మధ్య ముప్పై ఏళ్ల సౌదా

ఒకప్పుడు మన ఊళ్లల్లో షాదీకైనా, స్టేషన్‌కైనా, ఆస్పత్రికైనా ఇంటి ముందుకొచ్చి ఆగే కారు అంబాసిడర్. దాని బానెట్ కింద ఏళ్ల తరబడి ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఇంగ్లండ్‌లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల ‘బి సిరీస్’ ఖాందాన్‌ది. అదే ఖాందాన్‌లోని 1489 సీసీ ఇంజనుతోనే 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు ఇంగ్లండ్‌లో బయటికొచ్చింది. గంటకు 95 మైళ్ల దాకా పరుగెత్తింది. అంటే దాదాపు 150 కిలోమీటర్లు.

ఖూన్ ఒకటే, మిజాజ్ మాత్రం వేరు. ఒకటి ఇంటిల్లిపాదినీ సామానుతో సహా మోసే దాదాజాన్, ఇంకొకటి నౌజవాన్. ఎంజీఏకి కార్బురేటర్లు రెండు, ఒళ్లు పల్చన, ఎత్తు తక్కువ. అవన్నీ కంటికి కనపడే సబబులు. కంటికి కనపడని సబబు ఒకటి వెనక చక్రాల మధ్య, యాక్సిల్ డబ్బాలో, నూనెలో మునిగి ఉంటుంది. మన మెకానిక్ ఉస్తాదులు దాన్ని క్రౌన్ పినియన్ అంటారు. ఎంజీ కంపెనీ కార్లలో ఆ రెండు పళ్ల చక్రాల తారీఖ్ చూస్తే, ఒక కారు రోజువారీ బతుకుని ఒక చిన్న అంకె ఎలా శాసిస్తుందో తెలుస్తుంది.

అంకెలో ఏముంది?

గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ చివర చిన్న పళ్ల చక్రం ఉంటుంది, అది పినియన్. దానికి అడ్డంగా పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, అది క్రౌన్. పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 41 పళ్లు ఉన్నాయనుకోండి. 41ని 8తో భాగిస్తే 5.125. అంటే ఈ కార్లలో టాప్ గేరులో ఇంజను అయిదు చుట్లకు పైగా తిరిగితేనే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. బదులుగా ఇంజను తిప్పే తాకత్ కూడా అన్ని రెట్లయి చక్రానికి చేరుతుంది.

ఈ అంకె పెద్దదైతే దమ్ ఎక్కువ. సిగ్నల్ దగ్గర కారు చటుక్కున లేస్తుంది, ఘాట్ రోడ్డు మీద గేరు మార్చకుండా లాగుతుంది, టాప్ గేరులోనే లారీని దాటేస్తుంది. కానీ తిన్నటి రోడ్డు మీద రఫ్తార్ పెంచితే ఇంజను అరుస్తుంది. పెట్రోలు ఎక్కువ, శోర్ ఎక్కువ, అరుగుదల ఎక్కువ. అంకె చిన్నదైతే దీనికి ఉల్టా. పెద్ద రోడ్డు మీద ఇంజను ఖామోష్‌గా నడుస్తుంది. కానీ బజారులో బద్ధకం, ఎత్తు రాగానే కింది గేరు అడుగుతుంది.

రెండు వైపులా ఫాయిదా ఇచ్చే అంకె లేదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునే సౌదా ఇది.

పన్ను పెట్టిన షరతు

ఈ కథ ఇంజనుతో కాదు, పన్నుతో మొదలవుతుంది. యుద్ధానికి ముందు బ్రిటన్‌లో కారు పన్నుని ఇంజను సిలిండర్ వెడల్పుని బట్టి లెక్కగట్టేవాళ్లు. వెడల్పు పెరిగితే పన్ను పెరుగుతుంది, పొడవుకి మాత్రం పన్ను లేదు. కంపెనీలు ఏం చేస్తాయి? సన్నటి పొడుగాటి సిలిండర్లు చేశాయి. యుద్ధం తర్వాత ఆ పన్ను పోయింది, ఇంజన్లు మాత్రం వెంటనే పోలేదు.

1945లో వచ్చిన ఎంజీ టీసీ ఇంజను అలాంటిదే. 1250 సీసీ, సిలిండర్ వెడల్పు 66.5 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు. తాకత్ 54 హార్స్‌పవర్. వెనక యాక్సిల్ అంకె 5.125. అప్పటి ఇంగ్లండ్ రోడ్లకి ఆ అంకె సరిగ్గా సరిపోయింది. కంచెల మధ్య వంకర రోడ్లు, మైలుకో ఊరు, ఊరికో మలుపు. అక్కడ కావాల్సింది లేచే గుణం, అది టీసీకి పుష్కలంగా ఉంది. 19 అంగుళాల ఎత్తు చక్రాలు కాబట్టి టాప్ గేరులో ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే కారు గంటకు దాదాపు 16 మైళ్లు నడిచేది.

టీసీలు మొత్తం 10,000 దాకా తయారయ్యాయి. వాటిలో 2,000 దాకా అమెరికా చేరి, అక్కడి షౌకీన్లకి ఈ చిన్న కారు మీద మోజు పుట్టించాయి. యుద్ధంలో ఖాళీ అయిన బ్రిటన్ ఖజానాకి డాలర్లు కావాలి. కాబట్టి తర్వాతి కారుని అమెరికా కోసమే చేశారు.

చక్రం తగ్గింది, అంకె తగ్గలేదు

అదే 1949 చివర్లో మొదలైన ఎంజీ టీడీ. ముందు చక్రాలకి కొత్త సస్పెన్షన్, కుదుపు తక్కువ, కూర్చోడానికి సుఖం. ఎత్తు చక్రాల స్థానంలో 15 అంగుళాల పొట్టి చక్రాలు. ఇంజను మాత్రం అదే, 54 హార్స్‌పవర్ అంతే. బరువు కొంచెం పెరిగింది. యాక్సిల్ అంకె? అదే 5.125.

ఇక్కడే జరిగింది అసలు సంగతి. చక్రం పొట్టిదైతే ఒక్క చుట్టులో కారు నడిచే దూరం తగ్గిపోతుంది. అంకె మార్చకపోయినా మార్చినట్టే లెక్క. టీడీలో 1,000 చుట్లకి గంటకు 14.4 మైళ్లే వచ్చేవి. గంటకు 60 మైళ్లు, అంటే 97 కిలోమీటర్ల మీద వెళ్లాలంటే ఇంజను నిమిషానికి దాదాపు 4,170 చుట్లు తిరగాలి.

పిస్టన్ ఒక్క చుట్టులో 90 మిల్లీమీటర్లు పైకి, 90 కిందికి నడుస్తుంది. 4,170 చుట్లకి హిసాబ్ వేస్తే నిమిషానికి 750 మీటర్లు. ఆ జమానా ఇంజనీర్లు గంటల తరబడి సాగే సఫర్‌కి నిమిషానికి 2,500 అడుగుల్ని, అంటే 762 మీటర్లని హద్దుగా చూసేవాళ్లు. టీడీ 60 మైళ్లకే ఆ హద్దు అంచుకి చేరుకునేది. ఇంగ్లండ్‌లో పది నిమిషాలకో మలుపొచ్చి కాలు తీసేయాల్సిందే కాబట్టి ఇంజనుకి ఊపిరి దొరికేది. అమెరికాలో రోడ్డు తిన్నగా గంటల కొద్దీ సాగుతుంది, పక్కన పెద్ద ఎనిమిది సిలిండర్ల కార్లు సుకూన్‌గా వెళ్తుంటాయి. వాటి మధ్య టీడీ గొంతు చించుకుంటూ పరుగెత్తాలి.

మరి ఇంజనీర్లకి తెలియదా? తెలుసు. కానీ మజ్‌బూరీ. తాకత్ పెరగలేదు, బరువు పెరిగింది. అంకె తగ్గిస్తే ఎత్తు రాగానే కారు కూలబడుతుంది. గాలికి ఎదురొడ్డే నిటారు ముఖం కూడా ఉంది. అందుకే 5.125 ఉంచి, కావాలన్నవాళ్లకి 4.875, 4.55 అంకెల క్రౌన్ పినియన్లు వేరుగా ఇచ్చారు. 4.55 వేయించుకుంటే పెద్ద రోడ్డు మీద హాయి, కానీ కొండ దగ్గర మూడో గేరు తప్పదు. ఎంచుకునేవాడు తన రోడ్డేదో తానే తేల్చుకోవాలి. అయినా టీడీలు దాదాపు 30,000 తయారయ్యాయి, ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. 1953లో వచ్చిన టీఎఫ్‌కి అంకె 4.875 అయింది.

పినియన్‌కి పళ్లు పెరిగిన కాలం

1955 ఎంజీఏతో పరిస్థితి మారింది. ఇంజను పెద్దదైంది, ఒళ్లు గాలిని చీల్చేలా గుండ్రంగా తయారైంది. గాలితో కుస్తీ తగ్గితే అంత దమ్ అక్కర్లేదు. కాబట్టి అంకె 4.3కి దిగింది. పినియన్‌కి 10 పళ్లు, క్రౌన్‌కి 43. 60 మైళ్ల దగ్గర ఇంజను చుట్లు 3,500కి తగ్గాయి. టీడీతో పోలిస్తే నిమిషానికి 600కి పైగా చుట్లు మిగిలాయి. 1961లో ఇంజను 1622 సీసీకి పెరిగితే అంకె 4.1కి దిగింది.

అప్పటికే రోడ్లూ మారుతున్నాయి. అమెరికాలో 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రహదారుల పని మొదలైంది. బ్రిటన్‌లో 1959 నవంబరులో ఎం1 మోటార్‌వే తెరిచారు. మొదట్లో దాని మీద స్పీడుకి హద్దే లేదు. 70 మైళ్ల హద్దు 1965 డిసెంబరులో వచ్చింది. సిగ్నల్ లేదు, మలుపు లేదు, ఇంజనుకి తీరికా లేదు. పాత కార్లకి అది పెద్ద ఇమ్తెహాన్.

1962 ఎంజీబీ ఈ జమానా కారు. 1798 సీసీ, 95 హార్స్‌పవర్, పినియన్‌కి 11 పళ్లు, అంకె 3.909. మరుసటి ఏడాది నుంచి దీనికి లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ తీసుకునే వీలు వచ్చింది. స్విచ్ వేస్తే ఇంజను చుట్లు అయిదో వంతు తగ్గుతాయి. అంటే బజారులో 3.909, మోటార్‌వే మీద దాదాపు 3.13. ఒకే కారులో రెండు యాక్సిళ్లు ఉన్నట్టు. సౌదా రద్దు కాలేదు, ఏ వైపు కావాలో రోడ్డు మీదే తేల్చుకునే ఇఖ్తియార్ మాత్రం డ్రైవర్ చేతికొచ్చింది.

ఒకే అంకె, రెండు నతీజాలు

1967లో ఎంజీసీ వచ్చింది. ఎంజీబీ ఒంట్లో ఆరు సిలిండర్ల 2912 సీసీ ఇంజను, 145 హార్స్‌పవర్. ఇంత పెద్ద ఇంజనుకి చుట్లెందుకని యాక్సిల్ అంకెని ఒక్కసారిగా 3.07కి దించారు. పినియన్‌కి 14 పళ్లు. 60 మైళ్ల దగ్గర ఇంజను 2,500 చుట్లే తిరిగేది. కాగితం మీద ఎంత సుకూన్!

రోడ్డు మీద మాత్రం బద్నామ్ అయింది. ఆ ఇంజను తాకత్ పూర్తిగా అందేది 3,400 చుట్ల దగ్గర. 3.07 అంకె దాన్ని రోజువారీ నడకలో అంతకంటే కిందే ఉంచేసింది. నొక్కితే లేవదు, స్పోర్ట్స్ కారులా అనిపించదు అన్నారు నడిపి చూసినవాళ్లు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే తప్పంతా యాక్సిల్‌ది కాదు. బరువైన ఇనుప ఇంజను ముందు భాగాన్ని నేలకి నొక్కేసి మలుపుల్లో మొండితనం తెచ్చింది. కానీ రోజూ నడిపేవాడికి ముందు తెలిసేది లేచే గుణమే. ఏడాది తిరిగాక కంపెనీ అంకె మార్చింది. ఓవర్‌డ్రైవ్ ఉన్నవాటికి 3.7, లేనివాటికి 3.31. కారు మెరుగైంది, పేరు మాత్రం వాపస్ రాలేదు. 1969లో, 9,000 కార్ల దగ్గర కథ ముగిసింది.

1973లో అదే ఒంట్లో రోవర్ అల్యూమినియం వీ8 ఇంజను పెట్టారు. 3528 సీసీ, 137 హార్స్‌పవర్. ఎంజీసీ కంటే హార్స్‌పవర్ తక్కువే! యాక్సిల్ అంకె మళ్లీ 3.07. ఈసారి తారీఫ్ దక్కింది. చక్రాలు ఒక అంగుళం చిన్నవి కావడం కొంత సాయం. అసలు సబబు వేరు. వీ8 తన తాకత్‌ని 2,900 చుట్లకే ఇచ్చేస్తుంది, అదీ ఎంజీసీ కంటే ఎక్కువగా. ఇంజను బరువు మామూలు ఎంజీబీ ఇంజనుతో దాదాపు సమానం. కాబట్టి టాప్ గేరులో నెమ్మదిగా వెళ్తూ నొక్కినా వెంటనే లాగేది. ఎంజీసీ పాలిట సుస్తీ అయిన అంకె దీని పాలిట సుకూన్ అయింది.

కాబట్టి 3.07 మంచిదా, 5.125 మంచిదా అని విడిగా అడిగితే జవాబు లేదు. ఇంజను ఏ చుట్ల దగ్గర తాకత్ ఇస్తుంది, చక్రం ఎంత ఎత్తు, బరువు ఎంత, నడిచే రోడ్డు ఏది అనే నాలుగూ చెబితేనే అంకెకి మతలబు.

మన దాకా వస్తే

టీడీ ఉన్న షౌకీన్లు కొందరు ఇప్పటికీ దాని యాక్సిల్‌లో ఎంజీఏ 4.3 క్రౌన్ పినియన్ వేయించుకుంటారు. 60 మైళ్ల దగ్గర చుట్లు 3,500కి దిగి ప్రయాణం హాయిగా ఉంటుంది. అయితే ఒక ఖతరా. ఆ కారులో స్పీడు మీటరు గేరుబాక్సు నుంచి నడుస్తుంది. మీటరుకి వెనక మార్పు సంగతి తెలియదు. అది 50 చూపించేటప్పుడు కారు నిజంగా 60 దగ్గర ఉంటుంది. మీటరు సరిచేయించకపోతే రోజూ అబద్ధాన్ని నమ్మి నడిపినట్టే.

మన బస్తీల్లో పిల్లలు పికప్ కోసమని బైక్ వెనక స్ప్రాకెట్ పెద్దది వేయించినా, జీపుకి పెద్ద టైర్లు ఎక్కించినా ఇదే హిసాబ్. పెద్ద స్ప్రాకెట్‌తో గల్లీలో బండి ఎగిరి దూకుతుంది, హైవే మీద గంటసేపు ఇంజను నలిగిపోతుంది. పెద్ద టైర్లతో మీటరు తక్కువ చూపిస్తుంది, లారీని దాటేటప్పుడు అందాల్సిన దమ్ అందదు. దాటడం సగంలో ఉండగా ఎదురుగా బస్సు వస్తే అప్పుడు తెలిసి లాభం లేదు.

అందుకే పిల్లలు అలా అడిగినప్పుడు వద్దని కసరకుండా, కూర్చోబెట్టి ఒక్క సవాల్ వేయండి: “నువ్వు రోజూ తిరిగేది ఏ రోడ్డు మీద, బేటా?” ఎంజీసీ తయారుచేసిన వాళ్లు బండి రోడ్డెక్కక ముందు వేసుకోవాల్సిన సవాల్ అదే. వాళ్లు వేసుకునేసరికి ఏడాది దాటింది, కారుకి ఉన్న పేరు పోయింది.