తివాచీ కింది అమెరికా

అమెరికాలో 1950లలోనో 60లలోనో కట్టిన ఇంటిని కొన్నవారు, తెలుగువారైనా మరొకరైనా, గదుల్లోని పాత తివాచీని తీయించడంతోనే మరమ్మతులు మొదలుపెట్టడం నేడు పరిపాటి. ఏలూరు తివాచీ గానీ వరంగల్ జంపఖానా గానీ అవసరానికి పరచి, పని తీరాక చుట్టి దాచుకునే వస్తువులు. అమెరికా తివాచీ మాత్రం గోడ నుంచి గోడ వరకు నేలనంతా కప్పి, ఇంటి కట్టడంలో భాగంగా బిగించినది. అందుకే దానిని తీసేటప్పుడు పొర వెంట పొరగా ఆ దేశ చరిత్ర కొంత బయటపడుతుంది.

పై పొర సాధారణంగా నైలాన్ నూలుది. అది మగ్గం మీద నేసింది కాదు. ముందే నేసి ఉన్న గుడ్డలోకి సూదులతో నూలును కుచ్చులుగా దించి, వెనుక రబ్బరు జిగురు పూసి నిలిపినది. టఫ్టింగ్ అనే ఈ పద్ధతి జార్జియా రాష్ట్రపు ఉత్తరాన ఉన్న డాల్టన్ పరిసరాల్లో పెరిగింది. 1895లో క్యాథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ళ పల్లెటూరి బాలిక ఒక పాత దుప్పటిని చూసి, తెల్లని గుడ్డపై నూలు కుచ్చులు కుట్టి మంచపు దుప్పటి తయారుచేసింది. వేడినీటిలో ఉతికితే గుడ్డ ముడుచుకుని కుచ్చులను తానే పట్టి ఉంచుతుందన్నది అందులోని కిటుకు. 1900లో అటువంటి దుప్పటిని 2.50 డాలర్లకు అమ్మిన ఆమె, ఆ పనిని ఇరుగుపొరుగు స్త్రీలకు నేర్పగా, చేతిలో డబ్బు ఆడని ఆ పల్లెల్లో అది ఇంటింటి పరిశ్రమ అయింది. 41వ నంబరు జాతీయ రహదారి పొడవునా తాళ్ళపై ఆరవేసి అమ్మిన దుప్పట్లలో నెమలి బొమ్మవే ఎక్కువ కావడంతో ఆ దారిని నెమళ్ళ సందు అని పిలిచేవారు. 1938 నాటి కనీస వేతన చట్టం చేతిపనిని ఖరీదైనదిగా మార్చి యంత్రాల వాడకాన్ని వేగిరపరిచింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ యంత్రాల వెడల్పు పెరిగి దుప్పటి తివాచీగా మారింది. 1950ల చివర డ్యూపాంట్ సంస్థ తివాచీలకు అనువైన నైలాన్ నూలును అందించడంతో, ఉన్ని తివాచీ కొనలేని మధ్యతరగతికి కూడా కాలికింద మెత్తదనం అందుబాటులోకి వచ్చింది. ఈ పరిశ్రమ చరిత్రలో యంత్రాలకు దక్కిన స్థానం ఆ పల్లె స్త్రీలకూ దక్కడం న్యాయం.

కుచ్చులను పట్టి ఉంచే వెనుకగుడ్డ, పాలీప్రొపిలీన్ వచ్చేంత వరకు, ఎక్కువగా బెంగాల్ ప్రాంతపు జనపనారతో నేసినది. దాని కింద నడకకు మెత్తగా ఉండేందుకు పరచిన నురుగు పొర ఏళ్ళు గడిచేసరికి పొడిపొడిగా రాలుతుంది. గోడల వెంట, తివాచీ అంచును లాగి పట్టుకునే ముళ్ళు దిగిన సన్నని చెక్కపట్టీలు ఉంటాయి. తివాచీని వెనుకవైపు నుంచి పదునైన కత్తితో పట్టీలుగా కోసి చుట్టిపెట్టి, ముళ్ళ పట్టీలను ఇనుప పలుగుతో పెకలించి, నురుగును బిగించిన తీగ పిన్నులను పట్టకారుతో ఒక్కొక్కటే పీకాలి; పనిలో ఓర్పంతా ఈ చివరి భాగానికే కావాలి.

ఇంతా చేశాక 1950ల ఇంట్లో తరచు చక్కని ఓక్ చెక్కనేల కనిపిస్తుంది. 1970ల ఇంట్లో వట్టి ప్లైవుడ్ మాత్రమే కనిపించి యజమానిని నిరాశపరుస్తుంది. ఈ తేడాకు కారణం అభిరుచి ఒక్కటే కాదు. గృహరుణాలకు ప్రభుత్వం తరఫున పూచీ ఇచ్చే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ 1960ల మధ్యలో తివాచీని కూడా పూర్తయిన నేలగా అంగీకరించింది. దానితో తివాచీ ఖరీదు ఇంటి రుణంలోనే కలిసిపోయి, కట్టేవారికి ఓక్ పలకల ఖర్చు తప్పింది.

కొన్ని గదుల్లో చెక్కకు బదులు తొమ్మిది అంగుళాల చదరపు పెంకులు బయటపడతాయి. ఆ కాలపు పెంకుల్లో, వాటి కింది నల్లని జిగురులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. రాతిలో దొరికే ఈ నారలాంటి ఖనిజపు ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తుంది కనుక, గీకడానికీ పగలగొట్టడానికీ ముందే ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఆస్బెస్టాస్ ఉందని తేలినా పెంకులు చెదరక గట్టిగా ఉంటే, వాటిని కదపకుండా పైన కొత్త నేల వేయడమే చాలా ఇళ్ళలో అనుసరించే మార్గం.