మందు వాడినవాళ్లే ఎక్కువగా చనిపోయారా? ఏజెడ్‌టీ లెక్క వెనక కథ

ఈరోజు మొత్తం ఒక్క నంబర్ చుట్టూనే: 3.6.

1984లో అమెరికాలోని బాల్టిమోర్, షికాగో, పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలిస్‌లలో మల్టీసెంటర్ ఎయిడ్స్ కొహార్ట్ స్టడీ మొదలైంది. వేల మంది మగవాళ్లని ఆరు నెలలకోసారి పరీక్షించారు. 1987లో ఏజెడ్‌టీ అనే మొదటి హెచ్ఐవీ మందుకి అనుమతి వచ్చింది. తర్వాత ఆ డేటాని నేరుగా లెక్కేస్తే, మందు వాడినవాళ్లలో మరణాల రేటు 3.6 రెట్లు! ఇది చూసిన పేషెంట్ మందు మానేయడా మరి?

అసలు మందు ఎవరికిచ్చారు? సీడీ4 కణాలు పడిపోయినవాళ్లకి, అంటే అప్పటికే జబ్బు ముదిరినవాళ్లకి. మేమూ హ్యాంగ్ అయిన సర్వర్‌నే రీస్టార్ట్ చేస్తాం. లాగ్స్ చూసి "రీస్టార్ట్ వల్లే సర్వర్లు పోతున్నాయి" అంటే మేనేజర్ ఏమంటాడో మీకు తెలుసు.

సరే, మొదట్లో ఉన్న సీడీ4 వగైరా తేడాల్ని సర్దితే? 2.3కి తగ్గింది. ఇంకా మందే విలన్. ఎందుకంటే సీడీ4 ప్రతి విజిట్‌కీ మారుతుంది. పడిపోతే డాక్టర్ మందు రాస్తాడు, మందు వేసుకుంటే అది పెరుగుతుంది. మందుకి కారణమూ అదే, ఫలితమూ అదే. పోనీ ప్రతి విజిట్‌లోనూ సీడీ4 సమానంగా ఉన్నవాళ్లనే పోల్చామా, మందు చేసిన మేలునే కొట్టేసినట్టు.

ఈ చిక్కుముడి మీద పనిచేసింది జేమ్స్ రాబిన్స్, మెడిసిన్ చదివినాయన. 1986లో ఆయన రాసిన పేపర్ ఫ్యాక్టరీ కార్మికుల గురించి. ఒంట్లో బాగోలేనివాళ్లు పని మానేస్తారు, గట్టివాళ్లు మిగులుతారు. దాంతో ఎక్కువకాలం విషం పీల్చినవాళ్లే ఆరోగ్యవంతుల్లా కనిపిస్తారు. అదే చిక్కు, తిరగేసి.

2000లో మిగెల్ హెర్నాన్, బాబెట్ బ్రంబ్యాక్, రాబిన్స్ కలిసి ఏజెడ్‌టీ డేటాని మళ్లీ తీశారు. ప్రతి విజిట్‌లో, ఈ సీడీ4 ఉన్న మనిషికి మందు మొదలయ్యే అవకాశమెంతో అంచనా కట్టారు. సీడీ4 పడిపోయినా మందు తీసుకోనివాళ్లు అరుదు కదా, అలాంటి ఒక్కొక్కరికీ ఎక్కువ బరువిచ్చారు. జవాబు 0.7! అంచనాలో అటూఇటూ 0.6 నుంచి 1.0 దాకా ఉందిలెండి, కానీ దిశే మారిపోయింది.

ఇది మందు మొత్తం ప్రభావం. సీడీ4ని పెంచడం కాకుండా ఇంకో దారిలో మందు ఏమైనా చేస్తోందా? దాన్నే డైరెక్ట్ ఎఫెక్ట్ అంటారు. ఇది ఇంకా మొండి ప్రశ్న. మందుని లాటరీ వేసి పంచినా, సీడీ4నీ మరణాన్నీ రెంటినీ కదిలించే వేరే కారణాల్ని కొలవకపోతే జవాబు తప్పొచ్చని 1992లోనే రాబిన్స్, సాండర్ గ్రీన్‌లాండ్ చూపించారు. లాటరీ మందుకే వేశాం, సీడీ4కి వేయలేదు కదా!

2001లో జూడియా పెర్ల్ దీని మీద రాసిన పేపర్ పార్ట్ 2లో చూద్దాం. బై.