సైన్యానికి ‘పూర్తి స్వేచ్ఛ’ అంటే ఏంటి? 1962 నుంచి ఆపరేషన్ సిందూర్ దాకా ఏం జరిగింది?

2025 ఏప్రిల్ 29. పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపి వారం రోజులైంది. ఆ రోజు దిల్లీలో ప్రధాని నరేంద్ర మోదీ త్రివిధ దళాధిపతులతో సమావేశమయ్యారు. ఎలా స్పందించాలి, ఏ లక్ష్యాలపై దాడి చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నది సైన్యమే నిర్ణయించుకోవచ్చని ప్రధాని చెప్పినట్లు ప్రభుత్వ వర్గాలు వెల్లడించాయి.

ఇంగ్లిష్ వార్తల్లో ఆ మాట ‘ఆపరేషనల్ ఫ్రీడమ్’. హిందీ చానళ్లలో అది ‘ఖులీ ఛూట్’ అయింది. తెలుగులో ‘సైన్యానికి పూర్తి స్వేచ్ఛ’ అని రాశాం. ఈ దారిలో ‘ఆపరేషనల్’ అనే ముక్క ఎక్కడో జారిపోయింది. అసలు తకరారంతా ఆ ముక్క దగ్గరే ఉంది.

జూన్ చివర్లో ఒక వీడియో బయటకు వచ్చింది. ఇండోనేసియాలో భారత డిఫెన్స్ అటాషేగా ఉన్న నౌకాదళ అధికారి కెప్టెన్ శివ్ కుమార్ జకార్తాలో ఒక సెమినార్‌లో చేసిన ప్రసంగం అది. పాకిస్తాన్ సైనిక స్థావరాలను, గగనతల రక్షణ వ్యవస్థలను తాకొద్దని రాజకీయ నాయకత్వం పెట్టిన పరిమితి వల్లే మొదట కొన్ని విమానాలను కోల్పోయామని ఆయన అందులో అన్నారు. ఆ మాటలను సందర్భం నుంచి విడదీసి చూపుతున్నారని రాయబార కార్యాలయం వివరణ ఇచ్చింది. మన సైన్యం పౌర నాయకత్వం కింద పనిచేస్తుందన్నదే ఆయన ఉద్దేశమని చెప్పింది. ఆగస్టులో బెంగళూరులో మాట్లాడిన వైమానిక దళాధిపతి ఏపీ సింగ్, తమపై ఎలాంటి ఆంక్షలూ లేవని స్పష్టం చేశారు.

ఈ ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారా? అలా అనుకోనక్కర్లేదు. ఉగ్రవాద స్థావరాలనే కొట్టాలి, పాక్ సైన్యాన్ని కాదు అన్నది యుద్ధ లక్ష్యానికి సంబంధించిన నిర్ణయం. దాన్ని తీసుకునేది ప్రభుత్వం. ఆ గీత లోపల తొమ్మిది చోట్ల ఏ ఆయుధంతో, ఏ వేళలో కొట్టాలన్నది సైన్యం పని. చిక్కంతా గీత ఎక్కడుందో ఇద్దరికీ ఒకేలా అర్థమైందా లేదా అన్న దగ్గర వస్తుంది.

చట్టంలో ఏముంది?

రాజ్యాంగంలోని 53వ అధికరణ ప్రకారం రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతిది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకుంటారు కాబట్టి, యుద్ధం చేయాలా వద్దా అన్నది కేబినెట్ నిర్ణయమే.

బ్రిటిష్ పాలనలో కమాండర్-ఇన్-చీఫ్ అంటే దాదాపు వైస్రాయ్ తర్వాత అంతటివాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఉండే బంగ్లాలోకి, అంటే ఇప్పటి తీన్ మూర్తి భవన్‌లోకి, ప్రధాని నెహ్రూ మారారు. 1955లో ఆ పదవి పేరునే చట్టం చేసి తీసేశారు. 2020లో వచ్చిన చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవికి కూడా మూడు దళాల అధిపతుల మీద సైనిక కమాండ్ అధికారం లేదు.

అయితే యుద్ధం మొదలయ్యాక మంత్రి ఎక్కడ ఆగాలి, జనరల్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నది ఏ చట్టంలోనూ లేదు. ప్రభుత్వంతో విభేదించే అధిపతికి మిగిలే దారులు మూడే. ముఖాన చెప్పడం, కాగితం మీద పెట్టడం, రాజీనామా చేయడం. 1959 ఆగస్టులో జనరల్ తిమ్మయ్య మూడో దారి పట్టారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక ఆయన ఇచ్చిన రాజీనామాను నెహ్రూ బుజ్జగించి వెనక్కి తీసుకునేలా చేశారు. ఆ వెంటనే పార్లమెంటులో ఆయన్నే తప్పుబట్టారు. తర్వాతి అధిపతులు దాన్నుంచి ఏం నేర్చుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

సెప్టెంబర్ 22, 1962

అప్పటికి చైనా సైనికులు థాగ్ లా కొండ మీదకు వచ్చారు. నెహ్రూ విదేశీ పర్యటనలో ఉన్నారు. మీనన్ ఐక్యరాజ్య సమితి సమావేశాల కోసం న్యూయార్క్ వెళ్లారు. రక్షణ శాఖలో ఆ రోజు జరిగిన సమావేశానికి మీనన్ సహచర మంత్రి, గుంటూరు ఎంపీ కొత్త రఘురామయ్య అధ్యక్షత వహించారు. చైనీయులను అక్కడి నుంచి వెళ్లగొట్టాలన్నది అప్పటికే అనుకున్న మాట. చైనా ఎదురు తిరిగితే పరిస్థితి ఏమిటన్న అనుమానాన్ని సైన్యాధిపతి జనరల్ థాపర్ బయటపెట్టారు. పెద్దగా ఏమీ చేయరని విదేశాంగ శాఖ అంచనా.

అప్పుడు థాపర్ లిఖితపూర్వక ఆదేశం అడిగారు. ఇచ్చారు. దాని మీద సంతకం ప్రధానిది కాదు, మంత్రిది కాదు. రక్షణ శాఖ జాయింట్ సెక్రటరీది.

1962 అనగానే నాయకులు సైన్యం పనిలో వేలు పెట్టారనే కథే మనకు వినబడుతుంది. అది నిజమే, కానీ సగమే. ఈ పని తమ బలగంతో కుదరదని కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ పైకి రాశారు. ఆయన మాట చెవికెక్కించుకోకుండా, ఆ ప్రాంతాన్ని ఆయన చేతిలోంచి తీసి కొత్త కోర్ ఏర్పాటు చేశారు. నెహ్రూకు దగ్గరివాడైన బీఎం కౌల్‌కు దాన్ని అప్పగించారు. థాపర్ అడ్డు చెప్పలేదు. కాగితం అడిగిన ఆయన స్పష్టత అడగలేదు. అక్టోబర్ 20 తెల్లవారుజామున నామ్‌కా చూ వాగు ఒడ్డున ఉన్న 7వ బ్రిగేడ్ కొన్ని గంటల్లోనే చెదిరిపోయింది. దాని కమాండర్ బ్రిగేడియర్ జాన్ దాల్వీ చైనాకు బందీగా చిక్కారు. వైమానిక దళం యుద్ధ విమానాలను చివరిదాకా బయటకు తీయనే లేదు.

సైన్యం మాటే వేదమైతే?

ఆ దెబ్బ తర్వాత గాలి రెండో వైపుకు తిరిగింది. కొత్త రక్షణ మంత్రి వైబీ చవాన్ రోజూ ఉదయం దళాధిపతులతో కూర్చునేవారు. సైనిక వ్యవహారాలను చాలావరకు వారికే వదిలేశారు. 1965 సెప్టెంబర్ 1న ఛంబ్‌లో పాక్ ట్యాంకులు ముందుకు వస్తుంటే వైమానిక దళాన్ని దింపేందుకు ఆయన అప్పటికప్పుడే అనుమతి ఇచ్చారు. మూడేళ్ల కిందట ఊహకందని సంగతి అది.

కానీ అదే యుద్ధం చివర్లో మరొకటి జరిగింది. ఇంకొన్నాళ్లు పోరాడితే గెలుస్తామా అని ప్రధాని శాస్త్రి అడిగితే, మందుగుండు చాలావరకు అయిపోయిందని జనరల్ చౌదురి చెప్పారు. భారత్ కాల్పుల విరమణకు ఒప్పుకుంది. వాడింది కొంత భాగమేనని తర్వాత లెక్కల్లో తేలింది. జనరల్ చెప్పిన లెక్కను సరిచూసే మనిషి ఆ గదిలో లేకపోవడం కూడా ఖరీదైన వ్యవహారమే.

మానెక్‌షా కథలో ఎంత నిజం?

1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్‌లోకి వెంటనే వెళ్లమని ఇందిరా గాంధీ అడిగారని, వర్షాలు, హిమాలయ కనుమలు, సిద్ధంగా లేని ట్యాంకులను చూపించి తాను కుదరదన్నానని మానెక్‌షా చెప్పేవారు. ఆయన చెప్పే తీరు ఎంత బాగుండేదంటే, అదే చరిత్ర అయిపోయింది. శ్రీనాథ్ రాఘవన్, చంద్రశేఖర్ దాస్‌గుప్తా లాంటి పరిశోధకులు మాత్రం పత్రాలు తిరగేసి, ఏప్రిల్‌లోనే యుద్ధానికి దిగాలన్న ఆలోచన ప్రభుత్వానికీ లేదని వాదించారు. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. ‘కాదు’ అన్న జనరల్ ధైర్యం కన్నా, ఎనిమిది నెలలపాటు దౌత్యం, శరణార్థుల సమస్య, ముక్తి బాహిని శిక్షణ, సైనిక సన్నాహాలు ఒకే తాటి మీద నడవడమే డిసెంబర్ 16 విజయానికి ఎక్కువ ఉపయోగపడింది.

కార్గిల్‌లో గీత అందరికీ తెలుసు. 1999 మేలో వైమానిక దళానికి అనుమతి ఇచ్చినప్పుడే నియంత్రణ రేఖ దాటొద్దని వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పింది. రెండు యుద్ధ విమానాలు, ఒక హెలికాప్టర్ పోయాయి. కొండలెక్కిన పదాతి దళం ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించింది. జనరల్ వీపీ మాలిక్ పరిమితిని ఒప్పుకున్నారు. ఒప్పుకోనిదల్లా ఎప్పటికీ దాటబోమని బహిరంగంగా ప్రకటించడాన్ని. అవసరమైతే పునరాలోచించే దారి తెరిచి ఉంచాలని ప్రభుత్వాన్ని కోరారు, అది మాట విన్నది. అధికారి స్వతంత్రత అంటే నా దృష్టిలో ఇదే.

మీ ఇష్టం అంటే?

2020 ఆగస్టు 31 రాత్రి తూర్పు లద్దాఖ్‌లోని రెచిన్ లా వైపు చైనా ట్యాంకులు కదిలాయి. పైనుంచి అనుమతి లేకుండా కాల్పులు జరపొద్దన్నది అప్పటికి ఉన్న ఆదేశం. ఏం చేయాలని జనరల్ నరవణే దిల్లీలో అందరికీ ఫోన్లు చేశారు. ప్రధానితో మాట్లాడానని, ఇది పూర్తిగా సైనిక నిర్ణయమని, సరైనదనిపించింది చేయమని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ చెప్పినట్లు నరవణే తన ఆత్మకథలో రాసుకున్నారు. 2023 డిసెంబర్‌లో పీటీఐ బయటపెట్టిన భాగాల్లో ఉన్న సంగతి ఇది. 2024లో రావాల్సిన ఆ పుస్తకం ఆమోదం దొరక్క ఆగిపోయింది.

దీన్ని సైన్యం మీద నమ్మకం అనొచ్చు. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య తొలి గుండు పేల్చాలా వద్దా అన్నది మాత్రం సైనిక ప్రశ్న కాదు. 1962లో నాయకులు తమది కాని పని చేశారు. ఆ రాత్రి తమ పనిని ఫోన్‌లో సైన్యానికి అప్పగించారు. నరవణే కాల్పులకు ఆదేశించకుండా మన ట్యాంకులను ఎదురుగా నిలబెట్టడంతో ఉద్రిక్తత అక్కడితో ఆగింది.

సరిహద్దు అవతల సంగతి పూర్తిగా వేరు. కార్గిల్ చొరబాటు గురించి తనకు ముందుగా పూర్తిగా చెప్పలేదని నవాజ్ షరీఫ్ ఇప్పటికీ అంటారు. అదే ఏడాది అక్టోబర్‌లో ముషారఫ్ ఆయన్ను గద్దె దించారు. 2025 నవంబర్‌లో పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి మరీ ఫీల్డ్ మార్షల్ అసీమ్ మునీర్‌ను మూడు దళాలకూ అధిపతిని చేసింది. మన దగ్గర ఈ చర్చ వచ్చినప్పుడల్లా పాక్‌ను చూపించి ముగించేయడం ఒక అలవాటు. తిరుగుబాటు భయం లేనంత మాత్రాన ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయని కాదు.

ఎవరు ఏం ఆదేశించారో తేల్చాల్సిన కాగితాలే మన దగ్గర కరువు. కార్గిల్ సమీక్షా కమిటీ నివేదికను కొన్ని భాగాలు తీసేసి 2000లో పార్లమెంటు ముందు పెట్టారు. 1962 మీద 1963లోనే పూర్తయిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఏ ప్రభుత్వమూ విడుదల చేయలేదు. 2014లో ఒక విదేశీ జర్నలిస్టు ఇంటర్నెట్‌లో పెట్టిన కొంత భాగమే జనానికి దొరికింది. ఆపరేషన్ సిందూర్‌పై కార్గిల్ తరహా సమీక్ష కావాలని కాంగ్రెస్ అడిగింది. 2025 జులై చివర్లో లోక్‌సభలో చర్చ జరిగింది. కెప్టెన్ శివ్ కుమార్ మాటలను ఎత్తి చూపుతూ పైలట్ల చేతులు కట్టేశారని రాహుల్ గాంధీ ఆరోపించారు. సైన్యానికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చామని ప్రధాని బదులిచ్చారు. దళాలకు ఇచ్చిన అసలు ఆదేశంలో ఏముందో సభ ముందుకు రాలేదు.